గొట్టం వేసిన నాటి నుంచి ప్రతి రోజూ లెక్కే

ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నం నుంచి బీజాపూర్ జిల్లా ఆస్పత్రికి సుమారు 50 కిలోమీటర్లు. జగ్‌దల్‌పూర్ వైద్య కళాశాలకు 200 దాటుతుంది. గోదావరి దాటి ఏటూరునాగారం మీదుగా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి వెళ్లాలన్నా ఇంచుమించు అంతే దూరం. అర్ధరాత్రి కట్లపాము కరిచినా, పురుగుమందు తాగినా, మలేరియా మెదడుకు ఎక్కినా, బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినా ఆ మనిషి ప్రాణం ఈ మూడు దారుల్లో ఒకదాని మీద ఆధారపడుతుంది. తెలుగు, గోండి, దోర్లి, హల్బీ మాట్లాడే ఆ ఇంద్రావతి ఒడ్డు పల్లెల్లో ఈ దూరాలు అందరికీ కంఠతా వచ్చు.

ఐసీయూ తలుపు దాటాక ఇంకో లెక్క మొదలవుతుంది. అది బయట కూర్చున్న బంధువులకు ఎవరూ చెప్పరు. 'వెంటిలేటర్ మీద పెట్టాం' అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. నాలుగో రోజునో అయిదో రోజునో డాక్టరు బయటికొచ్చి 'ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది, ఇన్ఫెక్షన్ పెరిగింది' అంటారు. పాము కరిచి వచ్చిన మనిషికి నిమ్ము ఎక్కణ్నుంచి వచ్చింది? ఎంతమందికి వస్తుంది? ఆపగలమా? ఈ మూడు ప్రశ్నలకూ అంకెల్లో జవాబులున్నాయి.

48 గంటల గీత

నోట్లోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి, యంత్రంతో ఊపిరి ఆడించడం మొదలుపెట్టి 48 గంటలు గడిచాక వచ్చే న్యుమోనియాను వైద్యులు 'వెంటిలేటర్ న్యుమోనియా' కింద లెక్కేస్తారు. అంతకుముందే కనిపిస్తే, అది గొట్టం వేయకముందే మొదలైందని భావిస్తారు. ఈ గీత వెనుక ఒక కారణం ఉంది. ఆస్పత్రి క్రిములు నోట్లో, గొంతులో స్థిరపడి ఊపిరితిత్తుల్లోకి దిగడానికి కొంత సమయం పడుతుంది. మొదటి నాలుగు రోజుల్లో వచ్చేదాన్ని తొలి దశ అని, అయిదో రోజు నుంచి వచ్చేదాన్ని మలి దశ అని విడదీస్తారు. మలి దశలో దొరికే క్రిములు మందులకు లొంగని రకాలయ్యే అవకాశం ఎక్కువ.

వెంటిలేటర్ అనే యంత్రం క్రిములను తయారు చేయదు. ముప్పంతా గొట్టం దగ్గర ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలో కూడా గొంతులోని ఉమ్మిని మింగేస్తాడు, కొద్దిగా శ్వాసనాళంలోకి జారితే దగ్గి బయటికి నెట్టేస్తాడు. గొట్టం ఉన్నప్పుడు స్వరపేటిక తలుపులు మూసుకోవు. మత్తు మందుతో దగ్గు తగ్గిపోతుంది. గొట్టం చివర 'కఫ్' అనే గాలి బుడగ ఉంటుంది. యంత్రం పంపే గాలి పైకి తప్పించుకోకుండా అది శ్వాసనాళాన్ని బిగించి పట్టుకుంటుంది. నోటి నుంచి కారిన ఉమ్మి, కడుపులోంచి పైకి వచ్చిన ద్రవం ఆ బుడగ పైన నిలుస్తాయి. బుడగ మడతల్లోంచి చుక్క చుక్కగా కిందికి దిగుతాయి. మరోవైపు గొట్టం లోపలి గోడకు, నీళ్ల తొట్టికి పాచి పట్టినట్టు, క్రిముల పొర పడుతుంది. ఆ పొరలో దాక్కున్న క్రిములను యాంటీబయాటిక్ సరిగ్గా చేరుకోలేదు. కఫం లాగే పైపు లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఆ పొర తునకలు ఊడి ఊపిరితిత్తుల వైపు వెళ్లే ప్రమాదం ఉంది.

కాబట్టి ఇది గాలిలో తేలి వచ్చే రోగం కాదు. ముఖ్యంగా రోగి నోట్లోంచి, గొంతులోంచి, కడుపులోంచి దిగే రోగం. సిబ్బంది చేతుల మీదుగా పక్క మంచం నుంచి వచ్చే క్రిములు దానికి తోడవుతాయి.

వెయ్యి రోజులకు ఎన్ని?

ఒక ఐసీయూలో నెలకు అయిదుగురికి, ఇంకోచోట పదిమందికి ఈ న్యుమోనియా వచ్చిందంటే మొదటిదే మంచిదని చెప్పలేం. మొదటిచోట వెంటిలేటర్లు నాలుగే ఉండొచ్చు, రెండోచోట నలభై ఉండొచ్చు. అందుకే ప్రపంచమంతా ఒకే కొలత వాడుతుంది. ఒక రోగి ఒక రోజు వెంటిలేటర్ మీద ఉంటే అది ఒక వెంటిలేటర్ రోజు. అలాంటి వెయ్యి రోజులకు ఎన్ని న్యుమోనియాలు వచ్చాయన్నదే ఆ ఐసీయూ రేటు.

భారత్‌లో ఈ లెక్కకు పెద్ద ఆధారం ఐఎన్‌ఐసీసీ అనే అంతర్జాతీయ బృందం సేకరించిన వివరాలు. 2007లో వచ్చిన వారి తొలి భారత అధ్యయనంలో 7 నగరాల్లోని 12 ఐసీయూలు, 10,835 మంది రోగులు ఉన్నారు. అప్పటి రేటు వెయ్యి వెంటిలేటర్ రోజులకు 10.46. తర్వాత 2004 నుంచి 2013 దాకా 20 నగరాల్లో 2,36,700 మంది ఐసీయూ రోగుల లెక్క తీస్తే పెద్దల, పిల్లల ఐసీయూల్లో రేటు 9.4 అని తేలింది. ఇవి సగటులు. పుదుచ్చేరి జిప్మర్‌లో 200 మంది మీద చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో 18 శాతం మందికి ఈ న్యుమోనియా వచ్చింది. వెయ్యి రోజులకు రేటు 22.94. అమెరికా జాతీయ నిఘా వ్యవస్థ 2012కు ఇచ్చిన నివేదికలో ఐసీయూ రకాన్నిబట్టి ఇది 0 నుంచి 4.4 మధ్య ఉంది.

ఈ అంకెలను ఒక ఆస్పత్రికి అన్వయిస్తే తేడా తెలుస్తుంది. పది వెంటిలేటర్లు ఏడాది పొడవునా ఖాళీ లేకుండా నడిచాయనుకుందాం. అంటే 3,650 వెంటిలేటర్ రోజులు.

- రేటు 22.94 అయితే ఏడాదికి సుమారు 84 న్యుమోనియాలు
- రేటు 9.4 అయితే సుమారు 34
- రేటు 2 అయితే సుమారు 7

యంత్రాలు అవే, గొట్టాలు అవే. 84కు 7కు మధ్య తేడాలో కొంత రోగుల జబ్బు తీవ్రత, కొంత లెక్క కట్టే పద్ధతి. మిగిలినదంతా మంచం పక్కన రోజూ జరిగే పని.

ఏ రోజు ఎంత ముప్పు?

కెనడాలో 1,014 మంది రోగులను గమనించి 1998లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు ఇప్పటికీ ఆధారం. వారిలో 177 మందికి, అంటే 17.5 శాతానికి, న్యుమోనియా వచ్చింది. అసలు విషయం రోజువారీ అంకెల్లో ఉంది. అయిదో రోజు నాటికి రోజుకు ముప్పు 3.3 శాతం. పదో రోజుకు 2.3. పదిహేనో రోజుకు 1.3.

రోజువారీ ముప్పు తగ్గుతోంది కదా, ఎక్కువ రోజులుంటే మంచిదేనా అనిపించొచ్చు. కానే కాదు. ముప్పు రోజు మీద రోజు కూడుకుంటూ పోతుంది. రోజుకు 3 శాతం చొప్పున అయిదు రోజులు లెక్కేస్తే నూటికి 14 మందికి న్యుమోనియా వస్తుంది. పది రోజులకు ఇంచుమించు నూటికి పాతికమంది. అంటే మొదటి వారంలో గొట్టం ఒక రోజు ముందే తీయగలిగితే అదే నివారణ. ఏ మందూ దానితో పోటీ పడలేదు.

కరోనా కాలంలో ఈ అంకెలు ఇంకా పెరిగాయి. యూరప్‌లోని 36 ఐసీయూల్లో 1,576 మందిని పోల్చి 2021లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో 36.1 శాతానికి ఈ న్యుమోనియా వచ్చింది. ఫ్లూ రోగుల్లో 22.2, వైరస్ జబ్బేదీ లేనివారిలో 16.5 శాతం. మన దేశంలో 2020 మేలో పీఎం కేర్స్ నిధి నుంచి 50 వేల వెంటిలేటర్లకు 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. యంత్రాలు జిల్లాలకు చేరాయి. వాటి పక్కన రాత్రింబవళ్లు నిలబడే శిక్షణ పొందిన నర్సుల సంఖ్య యంత్రాలంత వేగంగా పెరగదు. న్యుమోనియా రేటును నిర్ణయించేది ఆ రెండో సంఖ్యే.

ఎంతమంది చనిపోతారు?

ఇక్కడ అంకెలు తేలిగ్గా తప్పుదారి పట్టిస్తాయి. ఈ న్యుమోనియా వచ్చినవారిలో మరణాల శాతం చాలా అధ్యయనాల్లో భయపెట్టేంత ఎక్కువగా ఉంటుంది. అయితే వారు మొదటి నుంచీ మరింత జబ్బుగా ఉన్నవారు, ఎక్కువ రోజులు యంత్రం మీద ఉన్నవారు. చనిపోయింది అసలు జబ్బుతోనా, న్యుమోనియాతోనా? దీన్ని విడదీయడానికి 24 నివారణ పరీక్షల్లోని 6,284 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చి 2013లో విశ్లేషించారు. మరణాల్లో ఈ న్యుమోనియాకే ఆపాదించదగిన వాటా 13 శాతమని తేలింది. శస్త్రచికిత్స చేయించుకున్న రోగుల్లో ఆ వాటా 69 శాతం. అసలు జబ్బు తీవ్రత మధ్యస్థంగా ఉన్నవారిలోనూ నష్టం ఎక్కువే.

ఈ చివరి అంశం భోపాల్‌పట్నానికి నేరుగా తగులుతుంది. కోలుకోగల రోగికి ఈ న్యుమోనియా పెద్ద అన్యాయం చేస్తుంది.

కట్లపాము, పురుగుమందు

భారత్‌లో 2000 నుంచి 2019 మధ్య పాముకాటుకు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58 వేల మంది, చనిపోయారని 2020లో వెలువడిన అంచనా. మరణాల్లో 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే. తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు గుర్తు సరిగా కనిపించదు, నొప్పీ అంతగా ఉండదు. కొన్ని గంటల్లో కనురెప్పలు వాలిపోతాయి, మింగడం కష్టమవుతుంది, ఊపిరి కండరాలు పడిపోతాయి. విషం నరాల కొసలను దెబ్బతీశాక యాంటీవీనమ్ ఆ నష్టాన్ని వెనక్కి తీసుకురాలేదు. నరాల కొసలు మళ్లీ కోలుకునేదాకా కొన్ని రోజులు యంత్రమే ఊపిరి ఆడించాలి.

ఈ రోగి ఊపిరితిత్తులకు ఏ జబ్బూ లేదు. గుండె బాగుంది, మూత్రపిండాలు బాగున్నాయి. యంత్రం ఆ కొద్ది రోజులు మోస్తే ఇంటికి నడిచి వెళ్లగలిగిన మనిషి. మధ్యలో న్యుమోనియా వస్తే కొద్ది రోజులు వారాలవుతాయి. కుటుంబం అప్పుల పాలవుతుంది, కొన్నిసార్లు మనిషే దక్కడు.

పురుగుమందు కథా ఇంచుమించు ఇదే. ఆర్గానోఫాస్ఫేట్ మందు నోట్లో, ఊపిరితిత్తుల్లో స్రావాలను ఉప్పొంగిస్తుంది. తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ఊపిరి కండరాలు ఉన్నట్టుండి బలహీనపడొచ్చు. స్పృహ లేని మనిషికి వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆస్పత్రి చేరకముందే న్యుమోనియాకు పునాది పడుతుంది. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడటం, స్పృహ లేనివారి నోట్లో పాలో నీళ్లో పోయడం ఈ పునాదిని ఇంకా గట్టి చేస్తాయి.

200 కిలోమీటర్ల దారి కూడా ఐసీయూలో భాగమే

రోగిని మంచం మీంచి కదిలించడం కూడా ముప్పు పెంచే పనే. అమెరికాలో 521 మంది వెంటిలేటర్ రోగులను గమనించి 1997లో ప్రచురించిన అధ్యయనంలో, స్కానింగు వంటి పనులకు ఐసీయూ నుంచి బయటికి తీసుకెళ్లిన 273 మందిలో 66 మందికి (24.2 శాతం) న్యుమోనియా వచ్చింది. బయటికి తీసుకెళ్లని 248 మందిలో 11 మందికే (4.4 శాతం) వచ్చింది. ఎక్కువ జబ్బుగా ఉన్నవారినే స్కానింగులకు తిప్పుతారన్నది నిజమే. అయినా అయిదు రెట్ల తేడాను తేలిగ్గా తీసుకోలేం. అది ఆస్పత్రి నడవాల్లో జరిగిన ప్రయాణం. భోపాల్‌పట్నం రోగిది గంటల తరబడి రోడ్డు ప్రయాణం. స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒకరు చేత్తో ఊపిరి ఆడించే అంబు బ్యాగ్ నొక్కుతూ, కఫం లాగే వీలు అంతంతమాత్రంగా.

అందుకే ఇక్కడి నివారణ వెంటిలేటర్ దగ్గర మొదలవ్వదు. వెంటిలేటర్ అవసరం రాకుండా చూడటం దగ్గర మొదలవుతుంది. ఇలాంటి ఊళ్లకు తొలి ఆసరా సామాజిక ఆరోగ్య కేంద్రం, అది 30 పడకల స్థాయి ఆస్పత్రి. అక్కడ యాంటీవీనమ్ సీసాలు ఏ రాత్రయినా దొరకాలి. కాటేసిన తొలి గంటల్లో మందు పడితే కొందరికి గొట్టం అవసరమే రాదు. దోమతెర కట్టుకుని మంచం మీద పడుకుంటే మలేరియా దోమా దూరం, కట్లపామూ దూరం. 2020 జనవరిలో మొదలైన 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమం ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేసి, జ్వరం లేనివారిలో దాగిన మలేరియాను కూడా పట్టుకుని మందు ఇచ్చింది. మెదడుకు ఎక్కే మలేరియా ఒక్కటి తగ్గినా ఒక గొట్టం తగ్గినట్టే. 2024 మార్చిలో కేంద్రం ప్రకటించిన పాముకాటు జాతీయ కార్యాచరణ ప్రణాళిక లక్ష్యం 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించడం. ఆ లక్ష్యం నెరవేరాలంటే మందు మొదట చేరాల్సింది భోపాల్‌పట్నం లాంటి ఊళ్లకే.

గొట్టం వేసి పంపక తప్పనప్పుడు, వెన్నెముక దెబ్బ, బీపీ బాగా పడిపోవడం వంటివి లేకపోతే, అంబులెన్సులో తల వైపు ఎత్తి ఉంచాలి. కడుపులో ఉన్నది ముక్కు గొట్టం ద్వారా తీసేయాలి. బుడగలో గాలి సరిపడా ఉందో చూడాలి. కఫం లాగే పంపు పనిచేస్తోందో బయల్దేరకముందే పరీక్షించాలి.

చవక పనులు, పెద్ద ఫలితాలు

*తల ఎత్తు: 30 నుంచి 45 డిగ్రీలు.* బార్సిలోనాలో 86 మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1999లో వచ్చాయి. వెల్లకిలా పడుకోబెట్టిన 47 మందిలో 16 మందికి (34 శాతం) న్యుమోనియా అనుమానం వచ్చింది. తల ఎత్తి ఉంచిన 39 మందిలో ముగ్గురికే (8 శాతం). ఇంత తేడా చూశాక ప్రపంచమంతా ఈ పద్ధతి పట్టుకుంది. 2006లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పరీక్ష ఇంకో నిజం చెప్పింది. 45 డిగ్రీలు అని రాసిపెట్టినా, కొలిస్తే మొదటి రోజు సగటు 28 డిగ్రీలే, వారానికి 23కి జారింది. రోగి కిందికి జారతాడు, పక్క సర్దినప్పుడు మంచం దించుతారు, మళ్లీ ఎత్తడం మర్చిపోతారు. ఆ పరీక్షలో తల ఎత్తాలని నిర్ణయించినవారికీ, వెల్లకిలా పడుకోబెట్టినవారికీ మధ్య న్యుమోనియాలో తేడా కనిపించలేదు. కాగితం మీది కోణం రోగిని కాపాడదు. మంచానికి ఉన్న కోణమానిని షిఫ్టుకోసారి చూడాలి.

*పళ్లు తోమడం.* స్పృహ లేని రోగి నోట్లో రెండు రోజులు తిరక్కుండానే పళ్ల పాచిలో ఆస్పత్రి క్రిములు చేరతాయి. 15 పరీక్షలను కలిపి చూసి 2023 డిసెంబరులో వెల్లడించిన విశ్లేషణలో, బ్రష్‌తో పళ్లు తోమినప్పుడు వెంటిలేటర్ న్యుమోనియా 32 శాతం, ఐసీయూ మరణాలు 19 శాతం తగ్గాయి. ఏళ్ల తరబడి వాడిన క్లోర్‌హెక్సిడిన్ ద్రవాన్ని మాత్రం 2022లో అమెరికా నిపుణుల మార్గదర్శకాలు వద్దన్నాయి. దానివల్ల మేలు జరిగినట్టు గట్టి ఆధారం లేదు, హాని జరగొచ్చన్న అనుమానం ఉంది. పిల్లల సైజు మెత్తని బ్రష్ ధర ఒక టీ, సమోసా ఖర్చుకు మించదు. ఐసీయూ నివారణల్లో ఇది చాలా చవకైనది.

*రోజుకోసారి మత్తు ఆపి చూడటం.* 128 మంది మీద చేసిన అమెరికా పరీక్షలో (2000) రోజూ మత్తు ఆపి మేల్కొలిపి చూసిన రోగులకు వెంటిలేటర్ మీద 4.9 రోజులు పట్టింది. అలా చూడని రోగులకు 7.3 రోజులు. 2008లో 336 మందితో జరిగిన పరీక్షలో 'సొంతంగా ఊపిరి తీయగలడా' అన్న రోజువారీ పరీక్షకు మత్తు ఆపడాన్ని జోడించారు. 28 రోజుల్లో వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజులు 11.6 నుంచి 14.7కు పెరిగాయి. రోజుకు 3 శాతం ముప్పు అన్న లెక్క గుర్తుంటే, ఆ రెండు మూడు రోజుల విలువ ఎంతో చెప్పనక్కర్లేదు.

*బుడగ ఒత్తిడి: 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం.* 20 కంటే తగ్గితే ఉమ్మి కిందికి కారుతుంది. 30 దాటితే శ్వాసనాళం గోడ రక్తప్రసరణ దెబ్బతింటుంది. వేలితో నొక్కి చూస్తే ఇది తెలియదు, చిన్న మీటర్ కావాలి.

*చేతులు.* ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చేతికి రాసుకునే ద్రవంతో 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు. రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత, కఫం లాగే ముందు, లాగాక, పక్క మంచానికి వెళ్లే ముందు.

ఇంకో సాయం ఉంది. బుడగ పైన నిలిచిన ఉమ్మిని లాగేసే అదనపు రంధ్రమున్న గొట్టాలు. 13 పరీక్షల్లో 2,442 మంది వివరాలు కలిపి 2011లో విశ్లేషిస్తే న్యుమోనియా 45 శాతం తగ్గింది. మామూలు గొట్టం కంటే ఇది ఖరీదు. అందరికీ వేయకపోయినా, రెండు మూడు రోజులు దాటి యంత్రం అవసరమని ముందే తెలిసినవారికి వేస్తే సొమ్ము వృథా కాదు. కట్లపాము రోగి సరిగ్గా ఆ కోవలోకే వస్తాడు.

2022 మార్చి చివర వరంగల్ ఎంజీఎంలో వెంటిలేటర్ మీదున్న రోగిని ఎలుకలు కొరికిన వార్త తెలంగాణను కుదిపేసింది. సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, చర్యలు తీసుకున్నారు. ఆ కోపం న్యాయమైనదే. అయితే ఎలుక కంటికి కనిపించింది కాబట్టి లోకం కదిలింది. తోమని పళ్లు, దించేసిన మంచం, కడగని చేయి కంటికి ఆనవు, వాటికి ఎవరూ బదిలీ కారు.

మందుల లెక్క: 87.5, 7

మన ఐసీయూల్లో ఈ న్యుమోనియాకు ప్రధాన కారకాలు అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమొనాస్. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిఘా వ్యవస్థ 2021 నివేదికలో అసినెటోబాక్టర్ నమూనాల్లో 87.5 శాతం కార్బపెనెమ్ మందులకు లొంగలేదు. ఇవి ఐసీయూల్లో ఆఖరి అస్త్రాల్లాంటి మందులు. అవి పనిచేయకపోతే మిగిలేది కోలిస్టిన్ వంటి, మూత్రపిండాలను దెబ్బతీయగల పాత మందులే.

ఈ మొండితనాన్ని పెంచేది అతి వాడకం. 2003లో ఫ్రాన్స్‌లో 401 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి 8 రోజులు, ఇంకో భాగానికి 15 రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు: 18.8, 17.2 శాతం. మందు లేని రోజులు మాత్రం 8.7 నుంచి 13.1కు పెరిగాయి. 2016 నుంచి అమెరికా మార్గదర్శకాలు 7 రోజులనే సిఫార్సు చేస్తున్నాయి. నేపాల్, థాయిలాండ్, సింగపూర్ ఆస్పత్రుల్లో 460 మంది మీద జరిపి 2024లో వెల్లడించిన పరీక్ష కూడా కోలుకుంటున్నవారికి వారం చాలని తేల్చింది. 'ఎందుకైనా మంచిదని ఇంకో వారం' అనడం రోగికి మేలు చేయదు. పక్క మంచం రోగికి హాని చేస్తుంది.

న్యుమోనియా రాకముందే కొద్దిపాటి మందు ఇచ్చి ఆపవచ్చా అన్న దారిలో రెండు కొత్త ఫలితాలున్నాయి. 2023లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన పరీక్షలో మూడు రోజులు ఆవిరి రూపంలో అమికాసిన్ పీల్పించినవారిలో 15 శాతానికి, పీల్పించనివారిలో 22 శాతానికి న్యుమోనియా వచ్చింది. 2024లో వచ్చిన పరీక్షలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవారికి గొట్టం వేసిన తొలి గంటల్లో ఒక్క మోతాదు సెఫ్ట్రియాక్సోన్ ఇస్తే తొలి దశ న్యుమోనియా 32 నుంచి 14 శాతానికి తగ్గింది. ఇవి ఫ్రాన్స్ ఐసీయూల అంకెలు. మొండి క్రిములు ఎక్కువగా ఉన్న మన ఐసీయూల్లో అవే ఫలితాలు వస్తాయని అనుకోవడం తొందరపాటు.

సున్నా అంటే నమ్మాలా?

ఒక ఆస్పత్రి 'మా దగ్గర ఈ న్యుమోనియా సున్నా' అంటే మెచ్చుకునే ముందు ఎలా లెక్కించారో అడగాలి. ఈ జబ్బును తేల్చడానికి ఒక్క ఖచ్చితమైన పరీక్ష లేదు. జ్వరం, తెల్ల రక్తకణాలు, ఎక్స్‌రేలో మచ్చ, కఫం మారడం, కల్చర్ ఫలితం కలిపి నిర్ణయించాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తుంది. అమెరికాలో ఆస్పత్రులు స్వయంగా నివేదించిన రేట్లు ఏటా పడిపోతూ కొన్నిచోట్ల సున్నాకు చేరాయి. బయటివారు వెంటిలేటర్ రోగుల కేసు షీట్లు తీసి చూస్తే 2005-06లో 10.8 శాతం, 2012-13లో 9.7 శాతం అని తేలింది. అంటే దాదాపు ఏమీ మారలేదు. 2013లో అమెరికా తన లెక్కింపు పద్ధతినే మార్చుకుంది. ఎక్స్‌రే మీద అభిప్రాయానికి బదులు, యంత్రం మీద ఆక్సిజన్ అవసరం ఎంత పెరిగిందన్న అంకెను పట్టుకుంది.

ఇందులో మనకు పాఠం ఉంది. అంకె పెట్టగానే అధికారి మందలిస్తాడన్న భయం ఉంటే అంకె తగ్గుతుంది, జబ్బు తగ్గదు. నిజాయతీగా 20 అని రాసే ఐసీయూ, లెక్కే పెట్టని ఐసీయూ కంటే సురక్షితం.

బంధువులు అడగాల్సినవి

ఐసీయూ బయట కూర్చున్నవారికి చేయడానికి ఏమీ ఉండదన్నది అపోహ. కలిసే సమయంలో సిస్టర్‌నో డాక్టరుగారినో మర్యాదగా ఈ ఆరు అడగండి.

1. గొట్టం వేసి ఎన్ని రోజులైంది? ఈ రోజు తీయడానికి ప్రయత్నించారా?
2. మత్తు ఈ రోజు ఆపి చూశారా?
3. మంచం తల వైపు ఎంత ఎత్తులో ఉంది? ఎత్తకూడని కారణం ఏమైనా ఉందా?
4. ఈ రోజు పళ్లు తోమారా? బ్రష్ మేం తెచ్చి ఇవ్వాలా?
5. బుడగ ఒత్తిడి కొలిచారా?
6. యాంటీబయాటిక్ ఇస్తుంటే ఎన్నో రోజు? ఎప్పుడు ఆపుతారు?

ఇవి సిబ్బందిని నిలదీసే ప్రశ్నలు కావు. మంచి ఐసీయూలో నర్సు ప్రతి షిఫ్టులో తనను తాను వేసుకునే ప్రశ్నలే. రోగిని ముట్టుకునే ముందు మీరూ చేతులు కడుక్కోండి. దగ్గు, జలుబు ఉంటే లోపలికి వెళ్లకండి. రోగి నోట్లో తీర్థమైనా, తేనె అయినా పోయకండి.

ఇక ప్రభుత్వాలు చేయాల్సింది ఒక్కటుంది. బీజాపూర్, జగ్‌దల్‌పూర్, వరంగల్, ములుగు, భద్రాచలం ఆస్పత్రులు ఏ రాష్ట్రానివైనా గోదావరికి ఇవతలా అవతలా ఉన్న రోగులు అవే. ఈ నెల ఎన్ని వెంటిలేటర్ రోజులు, ఎన్ని న్యుమోనియాలు అన్న రెండు అంకెలను ప్రతి ఐసీయూ తలుపు మీద తెలుగులో, హిందీలో రాసి పెట్టాలి. ఆస్పత్రులను ఒకదానితో ఒకటి పోల్చడానికి కాదు, పోయిన నెలతో ఈ నెలను పోల్చుకోవడానికి. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. ఒక బోర్డు, ఒక పెన్ను, రోజూ లెక్క రాసే ఒక నర్సు చాలు.